ఏమీ దొరకలేదని రాయగలగాలి

ఒక ఉద్యోగం గురించి చెబుతాను. రోజంతా కొండ ఎక్కుతూ దిగుతూ ఉండాలి. నీళ్లు, తిండి, వాన కోటు, ప్రథమ చికిత్స సామాను వీపున మోసుకు తిరగాలి. చూపు నేల మీద నుంచి తిప్పకూడదు. ఇంత చేసినా చాలా రోజులు సాయంత్రానికి దొరికేది ఏమీ ఉండదు. దొరికిన రోజున కూడా దాన్ని వెంట తెచ్చుకోకూడదు, ఎక్కడ చూశామో బయట చెప్పకూడదు. జీతం చూస్తే అంతంత మాత్రం.

అమెరికాలో రాకీ పర్వతాల మీద, సియెరా నెవాడా కొండల్లో ప్రతి వేసవిలో కొందరు విద్యార్థులు ఈ పనికి వెళ్తారు. వాళ్లను ఆర్కియాలజీ ఫీల్డ్ ఇంటర్న్‌లు అంటారు. పని నేర్చుకునే వయసులో ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి బడి దొరకడం కష్టమని నేను గట్టిగా నమ్ముతాను. మనిషి విలువ అతనికి దొరికినదాన్ని బట్టి రాదు. అతను చూసిన తీరును బట్టి, చూసింది రాసిన తీరును బట్టి వస్తుంది. ఈ పాఠాన్ని కాళ్లు నొప్పి పుట్టేలా నేర్పే ఉద్యోగం ఇది. మీరు కొండ ఎక్కినా ఎక్కకపోయినా ఈ పాఠం మీకూ పనికొస్తుంది.

మీ పని ఎక్కడికి చేరుతుందో తెలుసుకోండి

అమెరికాలో ప్రజల సొత్తుగా ఉన్న భూమి అంతా ఇంతా కాదు. ఒక్క ఫారెస్ట్ సర్వీస్ కిందే సుమారు 19.3 కోట్ల ఎకరాలున్నాయి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ కింద మరో 24.5 కోట్ల ఎకరాలు. ఈ నేలలో వేల ఏళ్ల నాటి మనుషుల ఆనవాళ్లు ఉన్నాయి. వాటిని కాపాడటానికి 1966లో జాతీయ చారిత్రక పరిరక్షణ చట్టం తెచ్చారు. కలప కొట్టించినా, కొత్త కాలిబాట వేసినా, కార్చిచ్చు ముప్పు తగ్గించడానికి ముందుగానే పొదలు తగలబెట్టినా, ఆ పనివల్ల చారిత్రక స్థలాలకు ఏం జరుగుతుందో ముందే చూసుకోవాలని ఆ చట్టం 106వ సెక్షన్ చెబుతుంది.

చూడాలంటే ఎవరో ఒకరు ఆ కొండ మీద నడవాలి. నడిచేవాళ్లలో మన ఇంటర్న్ ఒకడు. సాయంత్రం అతను కాగితం మీద ‘ఇక్కడ ఏమీ కనపడలేదు’ అని రాస్తాడు. ఆ మాటను నమ్మి రేపు అక్కడికి రంపాలు వస్తాయి, బుల్డోజర్లు వస్తాయి. అతను సరిగ్గా చూసి ఆ మాట రాస్తే పని ముందుకు సాగుతుంది. చూడకుండా రాస్తే, పది వేల ఏళ్లు నిలిచిన ఆనవాలు ఒక్క పూటలో మట్టిలో కలిసిపోతుంది. మళ్లీ తెచ్చుకుందామన్నా రాదు.

అందుకే మొదటి సూత్రం ఇది. మీకు అప్పగించిన పని ఎంత చిన్నదైనా, అది మీ చేతి నుంచి ఎవరి చేతికి వెళ్తుందో, దాని మీద ఆధారపడి ఎవరు ఏ నిర్ణయం తీసుకుంటారో కనుక్కోండి. గుమాస్తా కట్టే ఫైలు, నర్సు రాసే ఉష్ణోగ్రత, జూనియర్ ఇంజనీరు నింపే చెక్‌లిస్టు, ఏదైనా సరే. ఆ సంగతి తెలిసినవాడు మొక్కుబడిగా పనిచేయలేడు.

గీత తప్పకండి

కొండ మీద సర్వే ఎలా చేస్తారో దగ్గరగా చూద్దాం. నలుగురైదుగురు ఒక వరుసలో నిలబడతారు. మనిషికీ మనిషికీ మధ్య 15 నుంచి 30 మీటర్ల ఎడం. అందరూ దిక్సూచిలో ఒకే దిక్కు పెట్టుకుని, ఒకరినొకరు కేకలతో అందుకుంటూ, నేల చూసుకుంటూ నడుస్తారు. ఏదైనా కనపడితే అక్కడ చిన్న తీగ జెండా గుచ్చుతారు. జెండాలు ఒకచోట గుమిగూడితే అందరూ ఆగి, ఆ చోటు హద్దులు తేలుస్తారు. లేకపోతే చివరిదాకా నడిచి, పక్కకు జరిగి, మళ్లీ వెనక్కి నడుస్తారు.

వినడానికి తేలిక. ఇప్పుడు మీ గీత మీదనే గాలికి కూలిన పైన్ చెట్లు ఒకదాని మీద ఒకటి అడ్డంగా పడి ఉన్నాయనుకోండి. పక్కనే చక్కటి కాలిబాట కనపడుతోంది. కాళ్లు అటే లాగుతాయి. ఇరవై అడుగులు పక్కకు జరిగితే ఎవరు చూడొచ్చారు? ఎవరూ చూడరు. కానీ ఆ పూట మ్యాపు మీద మీరు నడిచినట్టు గీసిన గీత అబద్ధమైపోతుంది. నిజంగా అడుగు పెట్టలేని చోటైతే పక్కకు తిరిగి రావడం తప్పు కాదు. ‘ఇంత మేర చూడలేకపోయాం, కారణం ఇది’ అని రాస్తే సరిపోతుంది. తిరిగి వచ్చి, చూసినట్టు రాయడమే నేరం.

బాగా గుర్తుపెట్టుకోండి. మనం చేయడానికి ఇష్టపడని ముక్క ఒకటి ప్రతి పనిలోనూ ఉంటుంది. చదువులో కష్టమైన అధ్యాయం, ఆడిట్‌లో చిక్కుముడి పడిన ఖాతా, ఇంట్లో ఎవరూ ఎత్తని మాట. అసలు సంగతి చాలాసార్లు అక్కడే దాగి ఉంటుంది. తేలికైన చోట అందరూ చూస్తారు. కష్టమైన చోట చూసినవాడి మాటకే బరువు.

కంటికి చదువు చెప్పండి

కొత్తగా వచ్చిన ఇంటర్న్‌కు మొదటి రోజుల్లో అన్నీ రాళ్లలాగే కనపడతాయి. పక్కన నడిచే సీనియర్ వంగి ఒక పెచ్చు చూపిస్తాడు. గోరంత నల్లని ముక్క. అబ్సిడియన్ అనే అగ్నిపర్వత గాజురాయి. ఒక కొసన చిన్న ఉబ్బు, దాని కింద అలలు అలలుగా గీతలు. దెబ్బ కొట్టి రాయిని చెక్కినప్పుడు లేచిన పెచ్చుకు అలాంటి గుర్తు పడుతుంది. ఈ కొండలో అబ్సిడియన్ లేకపోతే మరో మాట కూడా తేలినట్టే. ఎవరో దాన్ని దూరం నుంచి మోసుకొచ్చారు. ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులోని అబ్సిడియన్ క్లిఫ్ రాయి ఎక్కడో తూర్పున ఒహాయో రాష్ట్రంలోని ప్రాచీన మట్టిదిబ్బల్లో దొరికింది. రాయిలోని మూలకాలను పరీక్షించి దాని పుట్టుక తేల్చారు.

ఇంకొంచెం ముందుకు వెళ్తే తుప్పుపట్టిన రేకు డబ్బా కనపడుతుంది. మామూలు కళ్లకు అది చెత్త. కన్ను తెలిసినవాళ్లు దాని మూత చూస్తారు. మధ్యలో చిన్న రంధ్రాన్ని టంకం చుక్కతో మూసి ఉంటే అది పాత పద్ధతి. అంచులు మడిచి యంత్రంతో బిగించి ఉంటే 20వ శతాబ్దం మొదట్లో వ్యాపించిన పద్ధతి. పక్కనే లేత ఊదా రంగు గాజు పెంకు ఉందా? గాజు రంగు లేకుండా రావడానికి అప్పట్లో మాంగనీస్ కలిపేవారు. అలాంటి గాజు ఏళ్ల తరబడి ఎండ తగిలి ఊదా రంగుకు తిరుగుతుంది. సుమారు 1880 నుంచి 1920 దాకా అలాంటి గాజు ఎక్కువగా తయారైంది. ఒక డబ్బా, ఒక పెంకు. వాటితో ఒక గని కార్మికుడి బస ఏ కాలం నాటిదో ఒక అంచనాకు రావచ్చు. పాండెరోసా పైన్ చెట్టు మొదట్లో బెరడు ఒలిచిన పాత మచ్చ కూడా అంతే. లోపలి పొర తీపిగా ఉంటుందని స్థానిక ఆదివాసులు వసంతంలో దాన్ని ఒలిచి తినేవారు.

2007లో క్రెయిగ్ లీ అనే శాస్త్రవేత్త ఎల్లోస్టోన్ దగ్గర కొండల్లో కరుగుతున్న మంచు అంచున ఒక కర్ర చూశాడు. వంగిపోయిన, సన్నని బర్చ్ కర్ర. దారిన పోయేవాడైతే తొక్కుకుంటూ పోతాడు. అది పది వేల ఏళ్లకు పైబడిన వేట ఈటెలో ముక్క అని తేలింది.

చూపు పెంచుకోవడానికి పెద్ద చదువులే కావాలని అనుకోకండి. జార్జ్ మెక్‌జంకిన్ గురించి తప్పక తెలుసుకోవాలి. నల్లజాతి కుటుంబంలో, బానిసత్వంలో పుట్టాడు. స్వేచ్ఛ వచ్చాక పశువులు కాసే పనిలో చేరాడు. తోటి కౌబాయ్‌ల దగ్గర చదవడం నేర్చుకున్నాడు. ఎముకలు, రాళ్లు, నక్షత్రాలు, అన్నిటి మీదా ఆసక్తే. 1908లో న్యూమెక్సికోలోని ఫోల్సమ్ ఊరి దగ్గర పెద్ద వరద వచ్చి వాగు లోతుగా కోసుకుపోయింది. తెగిన కంచె చూసుకోవడానికి వెళ్లిన మెక్‌జంకిన్‌కు వాగు గట్టులో చాలా లోతున ఎముకలు కనపడ్డాయి. మామూలు బైసన్ (అడవిదున్న) ఎముకలకంటే పెద్దవి. అంత లోతున ఉన్నాయంటే చాలా పాతవై ఉండాలని ఆయన గ్రహించాడు. కనపడినవాళ్లకల్లా చెప్పాడు. ఆయన బతికుండగా ఏ పండితుడూ రాలేదు. 1922లో ఆయన పోయాడు. 1926లో తవ్వకం మొదలైంది. ఆయన చూపు సరైనదని లోకం ఒప్పుకుంది.

మీ రంగం ఏదైనా, రోజుకు ఒక వస్తువును తీసుకుని దాన్ని అడగండి. ఇది ఎలా తయారైంది? ఇక్కడికి ఎలా వచ్చింది? దీని పక్కన ఏముంది? ఈ మూడు ప్రశ్నలు ఆరు నెలలు వదలకుండా అడిగినవాడి కన్ను మారిపోతుంది.

చేతిని ఆపుకోండి

ఫోల్సమ్ కథ అక్కడితో అయిపోలేదు. 1926 తవ్వకంలో ఎముకలతోపాటు చెక్కిన రాతి ఈటెమొనలు దొరికాయి. కానీ అవి పనివాళ్ల చేతిలో మట్టి నుంచి ఊడివచ్చాయి. పైనుంచి జారి పడ్డాయేమో, ఎముకలతో వీటికి సంబంధం ఏమిటని పండితులు ప్రశ్నించారు. మరుసటి ఏడు డెన్వర్ మ్యూజియం డైరెక్టర్ జెస్సీ ఫిగిన్స్ గట్టి కట్టడి చేశాడు. ఈసారి ఏది కనపడినా కదపవద్దు, వెంటనే చెప్పండి అన్నాడు. 1927 వేసవి చివర బైసన్ పక్కటెముకల నడుమ ఒక ఈటెమొన కనపడింది. పనివాళ్లు దాన్ని ముట్టుకోలేదు. టెలిగ్రాములు వెళ్లాయి. వేర్వేరు సంస్థల నుంచి పేరున్న శాస్త్రవేత్తలు వచ్చి, ఎముకల మధ్య ఉన్నదాన్ని ఉన్నట్టు కళ్లారా చూశారు. అంతరించిపోయిన ఆ బైసన్‌ల కాలంలోనే అమెరికాలో మనుషులు ఉన్నారని వాళ్లు ఒప్పుకోక తప్పలేదు. ఇప్పటి లెక్కల్లో అది సుమారు 12 వేల ఏళ్ల కిందటి మాట.

రెండేళ్లూ దొరికినవి ఒకే రకం ఈటెమొనలు. మొదటి ఏడు అనుమానం మిగిలింది, రెండో ఏడు చరిత్ర మారింది. కదపకుండా ఆగిన చేతిదే ఆ ఘనత.

పురావస్తువుకు విలువ అది ఉన్న చోటులో ఉంటుంది. చోటు తప్పించి ఇంటికి తెచ్చిన ఈటెమొన చిరునామా చెరిగిపోయిన ఉత్తరం లాంటిది. అందుకే చాలా సర్వేల్లో ఇంటర్న్ వస్తువును కొలుస్తాడు, ఫొటో తీస్తాడు, మళ్లీ అక్కడే వదిలేస్తాడు. చట్టమూ గట్టిదే. 1906లో థియోడర్ రూజ్‌వెల్ట్ సంతకంతో పురావస్తువుల చట్టం వచ్చింది. 1979లో వచ్చిన మరో చట్టం ప్రజల భూముల్లోని వందేళ్లు దాటిన పురావస్తువులను అనుమతి లేకుండా తవ్వినా, తీసినా, అమ్మినా శిక్ష వేస్తుంది. మళ్లీ మళ్లీ చేసినవాడికి ఐదేళ్ల దాకా జైలు, లక్ష డాలర్ల దాకా జరిమానా పడవచ్చు. స్థలాల వివరాలు గుప్తంగా ఉంచడానికీ ఆ చట్టంలోనే వీలుంది. ఇంటర్న్ ఫోన్‌తో తీసిన ఫొటో వాట్సాప్‌లో తిరిగితే, దొంగకు దారి చూపినట్టే.

వేసవి సెలవుల్లో ఎల్లోస్టోన్‌కు వెళ్లే తెలుగు కుటుంబాలు ఇప్పుడు చాలా ఉన్నాయి. పిల్లలు నల్లగా మెరిసే రాయి ఏరి జేబులో వేసుకోబోతే ఆపండి. ఎందుకు వద్దో చెప్పండి. కోరుకున్నది కళ్ల ముందే ఉన్నా చెయ్యి చాచకుండా ఉండటం పిల్లలకు ఆ వయసులో నేర్పితే జన్మంతా ఉంటుంది.

కాకి లెక్కలు వద్దు

కొండ దిగాక మిగిలేది కాగితమే. అందుకే అది పక్కాగా ఉండాలి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రతి స్థలానికీ ఒక నంబరు ఇస్తారు. మొదట రాష్ట్రం సంఖ్య, తర్వాత కౌంటీ గుర్తు, చివర వరుస సంఖ్య. 48 అని మొదలైతే వ్యోమింగ్, 5 అయితే కొలరాడో. ముప్పై ఏళ్ల తర్వాత ఎవరైనా ఆ నంబరు తీస్తే, ఇంటర్న్ ఆ పూట రాసిన మాటలు వాళ్ల ముందుకు వస్తాయి. అప్పటికి ఆ చోటు కార్చిచ్చులో కాలిపోయి ఉండవచ్చు. రాసింది ఒక్కటే సాక్ష్యం.

‘చాలా పెచ్చులు ఉన్నాయి’ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఎన్ని ఉన్నాయి, ఎంత మేర పరుచుకున్నాయి, ఏ రాయి అని రాయాలి. ‘పాత గుడిసె’ అన్న మాట మీ ఊహ. నాలుగు వరుసల దుంగలు, తూర్పున తలుపు ఖాళీ, పొడవు ఇంత, వెడల్పు ఇంత అన్నది మీరు చూసింది. చూసింది ముందు రాయండి, అనుకున్నది విడిగా రాయండి. ఫొటోలో కొలబద్ద, ఉత్తర దిక్కు గుర్తు ఉండేలా చూడండి. తప్పు పడితే చెరిపేయకుండా ఒక గీత కొట్టి పక్కన సరిచేయండి. ఆ రోజు రాత అదే రోజు పూర్తి చేయండి. రేపటికి జ్ఞాపకం కొత్త కథ అల్లుతుంది.

ఆఫీసుల్లో, ఇళ్లలో సగం గొడవలకు మూలం కూడా చూసినదాన్నీ అనుకున్నదాన్నీ కలిపి చెప్పడమే. ‘వాడు నన్ను అవమానించాడు’ అనేది మీ అంచనా. ‘నేను పలకరిస్తే జవాబివ్వలేదు’ అనేది జరిగింది. రెంటినీ విడదీసి చెప్పడం అలవాటు చేసుకోండి. మీ మాటను జనం నమ్మడం మొదలుపెడతారు.

కొండ మాట వినండి

రాకీ పర్వతాల్లో వేసవి మధ్యాహ్నాలు పిడుగులు మామూలు. పొద్దున నీలంగా ఉన్న ఆకాశం మధ్యాహ్నానికి నల్లబడుతుంది. చెట్లు లేని ఎత్తుల మీద పిడుగుకు దొరికేది మనిషే. అందుకే తెల్లవారుతూనే పని మొదలుపెట్టి, మధ్యాహ్నానికల్లా శిఖరం దిగేయాలి. ఇంకో గంటలో అయిపోతుంది కదా అని ఆగకూడదు. ఎలుగులు తిరిగే చోట వాటిని ఆపే స్ప్రే నడుముకు ఉండాలి, సంచి అడుగున ఉంటే పనికిరాదు. పొద్దున బయల్దేరేటప్పుడు, సాయంత్రం తిరిగి వచ్చాక రేడియోలో చెప్పాలి. తల తిరిగినా, వాంతి వచ్చేలా ఉన్నా దాచకుండా చెప్పి కిందికి దిగాలి.

కుర్రతనంలో వెనక్కి తిరగడం పిరికితనంగా కనపడుతుంది. అది పని తెలిసినవాడి లక్షణం. రేపు మళ్లీ ఎక్కవచ్చు, కొండ ఎక్కడికీ పోదు. ‘నాకు చేతకావడం లేదు, ఆగుదాం’ అని సమయానికి చెప్పే మనిషి జట్టులో ఉంటే అందరూ క్షేమంగా ఇల్లు చేరతారు.

మీకంటే ముందు వచ్చినవాళ్లను గౌరవించండి

ఎత్తైన కొండల మీద మనుషులు స్థిరంగా ఉండి ఉండరని, వేటకు వచ్చి పోయేవారని చాలాకాలం చాలామంది అనుకున్నారు. వ్యోమింగ్‌లోని విండ్ రివర్ పర్వతాల్లో 10 వేల అడుగులు దాటిన ఎత్తున ఒక ఊరి ఆనవాళ్లు బయటపడ్డాయి. ఏటవాలు నేలను చదును చేసి ఇళ్లు నిలిపిన జాగాలు 60కి పైగా ఉన్నాయి. విసుర్రాళ్లు కూడా దొరికాయి. దానికి హై రైజ్ విలేజ్ అని పేరు పెట్టారు. మనకు ఖాళీగా కనపడిన చోట ఇంకొకరు సంసారం చేశారు. ఆ కొండలను తమ పూర్వీకుల నేలగా తలచే షోషోనీ ప్రజలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

అదే రాష్ట్రంలో బిగ్‌హార్న్ నేషనల్ ఫారెస్ట్‌లో మెడిసిన్ వీల్ ఉంది. 9,642 అడుగుల ఎత్తున, సుమారు 80 అడుగుల వెడల్పున, రాళ్లు పేర్చి చేసిన చక్రం. దానికి 28 ఆకులు. అనేక ఆదివాసీ తెగలకు అది నేటికీ ప్రార్థనాస్థలం. అక్కడికి వెళ్లే ఇంటర్న్ మొదట నేర్చుకోవాల్సింది ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు పక్కకు తప్పుకోవాలి అన్నదే. మనుషుల అస్థికలు కనపడితే పని ఆపి, పైవాళ్లకు తెలపాలి. 1990లో వచ్చిన చట్టం ప్రకారం ఆ పూర్వీకుల విషయంలో వాళ్ల వారసులైన తెగలతో మాట్లాడాల్సిందే. డిగ్రీ చేతిలో ఉన్నంత మాత్రాన మనకు అన్నీ తెలిసినట్టు కాదు. ఆ కొండ కథ తాత నోట విన్న మనిషి ఎదురుగా ఉంటే, ముందు వినండి. ప్రశ్నలు తర్వాత అడగవచ్చు.

వెళ్లాలనుకునేవాళ్లకు

అమెరికా కేంద్ర ప్రభుత్వ శాఖల ఉద్యోగాలకు సాధారణంగా ఆ దేశ పౌరసత్వం అడుగుతారు. అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు ఈ తలుపు తెరిచే ఉంది. పిల్లలు ఈ పని కోసం ఆంత్రొపాలజీ చదువుతామంటే తల్లిదండ్రులు గుండెలు బాదుకోనక్కర్లేదు. 106వ సెక్షన్ ఉన్నంతకాలం కొండ మీద నడిచే మనుషుల అవసరం ఉంటుంది. ప్రైవేటు కన్సల్టింగ్ సంస్థలు కూడా ఇదే సర్వే పని చేస్తాయి. ఇక్కడి నుంచి చదువుకు వెళ్లినవాళ్లు విశ్వవిద్యాలయాలు వేసవిలో నడిపే ఫీల్డ్ స్కూళ్ల గురించి ఆరా తీయవచ్చు. ముందుగా మ్యాపు, దిక్సూచి చదవడం, ప్రథమ చికిత్స, బరువుతో నడక నేర్చుకోండి. బూట్లు ఇంటి దగ్గరే తొడిగి అలవాటు చేసుకోండి.

అంత దూరం పోనివాళ్లకు మన గుట్టలున్నాయి. తెలుగు నేల మీద రాకాసి గుళ్లు, రాతి వలయాలు, గుహల గోడల మీద రంగుబొమ్మలు ఎన్నో చోట్ల ఉన్నాయి. గుప్తనిధుల ఆశతో వాటిని తవ్వేసేవాళ్లూ ఉన్నారు. మీ కంటికి కొత్తది ఏదైనా పడితే కదపకండి. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, చోటు రాసుకుని, పురావస్తు శాఖకు తెలపండి. ఊరంతా చాటకండి.

చివరగా ఒక మాట. పెద్దది దొరికిందని చెప్పుకోవడానికి అందరూ సిద్ధమే. రోజంతా ఎండలో నడిచి, కష్టమైన ముక్కను కూడా వదలకుండా చూసి, సాయంత్రం ‘ఏమీ కనపడలేదు’ అని నిబ్బరంగా సంతకం పెట్టేవాళ్లు తక్కువ. ఆ సంతకాన్ని నమ్మి ప్రభుత్వాలు పనిచేస్తాయి, జట్లు నడుస్తాయి, కుటుంబాలు నిలుస్తాయి. ఈ రోజు మీ ముందున్న పనిలో మీరు తప్పించుకు తిరుగుతున్న ముక్క ఏదో చూడండి. ముందు అక్కడికి నడవండి. అక్కడ ఏముందో, ఏమీ లేకపోతే ఏమీ లేదనీ, ఉన్నది ఉన్నట్టు రాయండి. అలా రాయగలిగినవాళ్ల చేతికి ఏ పనైనా నిశ్చింతగా అప్పగించవచ్చు.